నలభై వచ్చేదాకా నీళ్లు

కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ముప్ఫై ఒక్కేళ్లుగా గాజుసామాను కడిగి, ద్రావణాలు కలిపి, బల్లలు సర్దే అటెండరమ్మకి అసలు పేరొకటి ఉండే ఉంటుంది. హాజరు పట్టీలో తప్ప అది ఇంకెక్కడా వినబడదు. పిల్లలు, పంతుళ్లు, ఆఖరికి కట్టుకున్న మొగుడు కూడా ఆమెను సెకన్లమ్మ అనే పిలుస్తారు. ఆమె నోట నిమిషం అన్న మాట రాదు మరి. టీ మరగడానికి మూడొందల సెకన్లు, బస్సు కోసం నిలబడింది తొమ్మిదొందల సెకన్లు, మొగుడు అలిగి మూతి ముడుచుకు కూర్చునేది మహా అయితే రెండువేల సెకన్లు. ఆ మొగుడు టైలరు. "నాతో కాపురం చేసిన సెకన్లు కూడా ఎక్కడో రాసిపెట్టే ఉంటావు" అని దెప్పుతుంటాడు.

ఈ సెకన్ల పిచ్చి ఆమెకు ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే పట్టుకుంది. అప్పటి మాస్టారు ఆమెను పిలిచి, ఒక తెల్లకాగితం మీద నల్ల పెన్సిల్‌తో లావుగా ఇంటూ గుర్తు గీయమన్నారు. దాని మీద బీకరు పెట్టి అందులో హైపో అనే ఉప్పు కరిగించిన ద్రావణం పోశారు. తరవాత కొంచెం యాసిడ్ పోసి, పైనుంచి చూస్తూ ఉండమన్నారు. రెండూ నీళ్లలాగే తేటగా ఉన్నాయి. కలిశాక కూడా నీళ్లలాగే ఉన్నాయి. ఏమీ జరగడం లేదని ఆమె తలెత్తబోయేంతలో లోపల మసక మొదలైంది. గంధకం పుడుతోందన్నారు మాస్టారు. ఆ మసక పాలలా చిక్కబడి ఇంటూ గుర్తును మింగేసింది. సరిగ్గా నలభై సెకన్లు పట్టింది. మళ్లీ పోస్తే మళ్లీ నలభై. మర్నాడు పోసినా నలభయ్యే. చెప్పిన మాటకు ఇంత కట్టుబడి ఉండేది లోకంలో ఇంకోటి ఉంటుందని ఆమె అనుకోలేదు. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి, ఆ రోజు ఇంటికెళ్లి మొగుడికి ఇదంతా చెప్పబోయి మాటలు చాలక ఊరుకుంది.

వేగం లెక్క ఆమె నోటితో చెబితేనే పిల్లల బుర్రకెక్కేది. పంతులు బోర్డు నిండా రాసి వెళ్లాక, బల్లల మధ్య తిరుగుతూ ఆమె అసలు పాఠం చెప్పేది.

"నలభై సెకన్లలో పనంతా అయిందంటే ఒక్క సెకనులో ఎంత అయినట్టు? నలభయ్యో వంతు. అదే వేగం. ఒకటిని సెకన్లతో భాగించడమే కదా, దీనికంత నీళ్లు నమలడం దేనికి? ఇప్పుడు హైపోని సగానికి పలచన చెయ్యండి. ఎనభై సెకన్లు పడుతుంది. వేగం ఎనభయ్యో వంతు. సరుకు సగమైతే వేగమూ సగం. పది డిగ్రీలు వెచ్చబెట్టండి, ఇరవై సెకన్లకే గుర్తు మాయం. అంటే వేగం రెట్టింపు."

పిల్లలు గ్రాఫు కాగితం మీద ఆ వేగాలను చుక్కలుగా పెట్టేవాళ్లు. చుక్కలన్నీ ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు వచ్చి ఒకే గీత మీద నిలబడేవి. ఏటా చూసేదే అయినా ఆమె ప్రతిసారీ వెనక నిలబడి ఆ గీతను చివరిదాకా చూసేది.

ల్యాబులో ఒక పద్ధతి ఉండేది. ప్రాక్టికల్ పరీక్షలకు ముందు సెకన్లమ్మ ఆ ఏటి హైపో కలిపి, నీటి తొట్టిలో పెట్టి పాతిక డిగ్రీలకు తెచ్చి, తన కంటితో పరీక్షించి, సెకన్లు రిజిస్టర్లో రాసేది. పిల్లలకు వచ్చిన సెకన్లను ఆ అంకెతో పోల్చి మార్కులు వేసేవారు. ఆ రిజిస్టర్లో ముప్ఫై ఒక్కేళ్లుగా ఒకటే అంకె ఉంది.

అంతకు ముందు మూడేళ్లు పిల్లలకు నాలుగైదు, పది సెకన్లు ఎక్కువొచ్చినా ఎవరూ పట్టించుకుని మార్కులు కొయ్యలేదు. పోయిన ఏడు మాత్రం నలభై ఇద్దరు పిల్లల్లో ఒక్కరూ నలభై దరిదాపులకు రాలేదు. అందరికీ యాభై మూడు, యాభై అయిదు, యాభై ఏడు. హెడ్డు సారు కళ్లజోడు సవరించుకుని ఇదేమిటని అడిగాడు. సెకన్లమ్మ క్షణం తడుముకోలేదు.

"ఈ కాలం పిల్లలకి చూపు నిలవదు సార్. గుర్తు పోయాక కూడా దిక్కులు చూస్తూ కూర్చుని తీరిగ్గా వాచీ ఆపుతారు."

సెకన్లమ్మ మాటంటే ఆ ల్యాబులో వేదం. హెడ్డు సారు అందరికీ తలా రెండు మార్కులు కోశాడు.

ఈ ఏడు ఒక కొత్త టీచరమ్మ చేరింది. పాతికేళ్లు దాటీ దాటని పిల్ల, మాట మెత్తన, పట్టు మాత్రం గట్టిది. పరీక్షలు రెండు వారాలుండగా, సెకన్లమ్మ కలిపి ఉంచిన హైపోతో తనూ ఒకసారి చేసి చూసుకుంది. అరవై ఒకటి వచ్చింది. మళ్లీ చేస్తే అరవై.

"మీరు కొత్త కదమ్మా, చెయ్యి తిరగాలి" అంది సెకన్లమ్మ, కడిగిన బీకర్లు బోర్లిస్తూ.

టీచరమ్మ సాయంత్రం కూర్చుని బ్యూరెట్టు, అదే కొలత గీతల గాజుగొట్టం, పెట్టి ఆ ద్రావణం బలం కొలిచింది. ఉండాల్సిన దాంట్లో మూడింట రెండు వంతులే ఉంది. మర్నాడు మధ్యాహ్నం ల్యాబు ఖాళీ అయ్యాక నెమ్మదిగా అడిగింది.

"అమ్మా, హైపో ఎలా కలుపుతున్నారు?"

"ఎలాగేముంది. లీటరుకి వెయ్యాల్సిన పొడి తూచి వేస్తాను, లీటరు నీళ్లు పోస్తాను. ఆ తరవాత నలభై వచ్చేదాకా ఇంకాసిని నీళ్లు పోస్తాను."

"నలభై వచ్చేదాకానా?"

"ఇప్పుడొచ్చే డబ్బాల్లో సరుకు మరీ ఘాటుగా ఉంటోందమ్మా. లీటరు నీళ్లలో కలిపితే గుర్తు ముందే పోతోంది. అందుకని పలచన చేస్తున్నాను. ఎంత పోసిందీ రాసిపెట్టాను కూడా, దాపరికమేమీ లేదు."

నిజంగానే రాసిపెట్టింది. రిజిస్టర్లో నలభై అన్న అంకె పక్కన, ఐదేళ్ల నుంచి ఒక కొత్త వరస. మొదటి ఏడు అదనంగా నూరు మిల్లీలీటర్లు. తరవాత నూట ఎనభై. రెండొందల డెబ్బై. మూడొందల డెబ్బై. ఈ ఏడు అయిదొందలు. దొంగ లెక్క రాసేవాళ్లు ఇంత పొందిగ్గా రాయరు. టీచరమ్మ ఆ వరస వెంట పైనుంచి కిందిదాకా వేలు జరిపింది.

"అమ్మా, ఒక పని చేద్దాం. సరిగ్గా లీటరుతో కలిపి తెచ్చాను. మనిద్దరం ఒకే బీకరులో చూద్దాం."

కొత్త కాగితం మీద సెకన్లమ్మే ఇంటూ గుర్తు గీసింది. ఇద్దరూ తలలు దగ్గరగా పెట్టి బీకరు మీదకు వంగారు. టీచరమ్మ యాసిడ్ పోసి వాచీ నొక్కింది.

"పోయింది" అంది సెకన్లమ్మ. వాచీలో ఇరవై ఏడు. "చూశారా, చెప్పానా ఘాటని."

టీచరమ్మ తల ఎత్తలేదు, వాచీ ఆపలేదు.

సెకన్లమ్మ పక్కకు తిరిగి ఆ పిల్ల మొహం చూసింది. కళ్లు ఇంకా బీకరులోనే ఉన్నాయి. చదువుతున్నవాళ్ల కళ్లలా కదులుతున్నాయి.

"మీకింకా కనబడుతోందా?"

"కనబడుతోందమ్మా."

సెకన్లమ్మ మళ్లీ వంగి చూసింది. పాలు. ఒట్టి పాలు.

"ఇప్పుడు?"

"ఇప్పుడూ."

ఆమె కళ్లు నులుముకుంది. ఐదేళ్లుగా ట్యూబులైట్లు బాగాలేవని ఎలక్ట్రీషియన్ ప్రాణం తోడింది. కిటికీలు మురికిగా ఉన్నాయని వారానికి రెండుసార్లు తనే తుడిచింది. పిల్లలకు చూపు నిలవదంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అందరినీ, అన్నిటినీ అంది. పట్టుకున్న కుందేలుకు మూడే కాళ్లని ఐదేళ్లు నీళ్లు పోసుకుంటూ వచ్చింది.

"ఇప్పుడు పోయింది" అంది టీచరమ్మ. వాచీలో నలభై.

కుళాయి నుంచి పడుతున్న నీటి బొట్లను సెకన్లమ్మ అలవాటు కొద్దీ లెక్కపెడుతూ నిలబడింది. కళ్లు ఆనని అటెండర్ని యాసిడ్ సీసాల మధ్య ఎవరూ ఉంచరు. ఆ సంగతి ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. ఈ గది పోతే తనకు మిగిలేదేమిటన్నదే ఆ నిమిషంలో ఆమెకు తోచిన మొదటి ఆలోచన.

టీచరమ్మ స్టూలు లాగి ఆమెను కూర్చోబెట్టింది. కాగితం తీసుకుని లెక్క వేసింది. లెక్క సెకన్లమ్మకు తెలిసినదే. నీళ్లు ఎన్ని రెట్లయితే సెకన్లు అన్ని రెట్లు. అంటే నలభైని మొత్తం నీళ్ల లీటర్లతో భాగిస్తే, అసలు ద్రావణంలో ఆమె కంటికి ఎన్ని సెకన్లు వచ్చి ఉండేవో బయటపడుతుంది. మొదటి ఏడు ముప్ఫై ఆరు. తరవాత ముప్ఫై నాలుగు. ముప్ఫై ఒకటిన్నర. ఇరవై తొమ్మిది. ఈ ఏడు ఇరవై ఏడు. టీచరమ్మ చుక్కలు పెట్టింది. అవి ఇంచుమించుగా ఒకే గీత మీద నిలబడ్డాయి.

"ఇన్నేళ్లుగా మీరు హైపోని కొలుస్తున్నాననుకున్నారు. హైపోకి వయసు రాదమ్మా. అదే పొడి, అదే వేడి అయితే అప్పుడూ నలభయ్యే, ఇప్పుడూ నలభయ్యే. మీకు తెలియకుండా అదే మిమ్మల్ని కొలుస్తూ వచ్చింది."

"ఇదిలా పోతే?" అంది సెకన్లమ్మ గీత చివర చూపిస్తూ.

"అంచనాయే అనుకోండి, కన్ను గడియారంలా నడవదు. ఇలాగే పోతే మూడు నాలుగేళ్లకి ఇరవై. కానీ పోనివ్వం. ఇది శుక్లంలా ఉంది. డాక్టరు చూసి చెప్పాలి. కంట్లో ముందువైపు చిన్న కటకం ఉంటుంది కదా. అందులో ఉండేది గుడ్డులో తెల్లసొన లాంటి పదార్థం, నీళ్లంత తేటగా. వయసుతో పాటు దాని రేణువులు ఒకదానికొకటి అంటుకుని సన్నటి ముద్దలు కడతాయి. వెలుగు ఆ ముద్దలకి తగిలి చెదిరిపోతుంది. ఇందులో గంధకం చేసేది కూడా అదే."

సెకన్లమ్మ బీకరు చేతిలోకి తీసుకుంది. తెల్లగా, చిక్కగా ఉంది.

"అంటే నా కంట్లో జరుగుతున్నది ఇదేనా?"

"మసకబారే తీరు ఇదే. ఇక్కడ నలభై సెకన్లు, అక్కడ ఏళ్లు. తేడా వేగంలోనే."

ఆమెకు భయం పోలేదు. కానీ ఆ భయం పక్కనే ఇంకోటి వచ్చి కూర్చుంది. అది మొదటి వారంలో మాస్టారి పక్కన నిలబడ్డప్పటి ఆశ్చర్యం లాంటిదే, దానికంటే పెద్దది. ముప్ఫై ఒక్కేళ్లుగా ఈ మసకను ఆమె పైనుంచి చూస్తూ వచ్చింది. చివరి ఐదేళ్లు ఆ మసకలోంచే చూసింది. తన ఒంట్లో, కనుపాప వెనకాల, శబ్దం లేకుండా ఒక ప్రయోగం నడుస్తోంది. దానికీ ఒక వేగం ఉంది. దాన్ని రాసిపెట్టింది కూడా తనే.

"ఎవరికీ తెలియక్కర్లేదమ్మా" అంది టీచరమ్మ. "కొత్తగా కలిపేస్తాను. మీరు డాక్టరు దగ్గరకి వెళ్లి రండి."

"పోయిన ఏటి పిల్లల సంగతో?"

పోయిన ఏటి అంత పలచటి ద్రావణంలో యాభై అయిదు రావడమే న్యాయం. నలభై ఇద్దరూ కళ్లు సరిగ్గా ఉన్నందుకు మార్కులు పోగొట్టుకున్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో మొగుడికి చెప్పింది. అతను మిషను ఆపి విన్నాడు. సాయంత్రాలు అతను కుట్టిన బట్టలకు ఆమె గుండీలు, కాజాలు కుడుతుంది. అది పెళ్లయిన కొత్తలో మొదలైన ఒప్పందం.

"కాజాలు రెండేళ్లుగా వంకర పోతున్నాయి" అన్నాడు చివరికి.

"మరి చెప్పలేదేం?"

"చెబితే మానేస్తావు. మానేస్తే ఇలా ఎదురుగా కూర్చోవు. నువ్వు ల్యాబుకి వెళ్లాక విప్పి మళ్లీ కుట్టుకునేవాణ్ణి."

ఆమెకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. దేనికి ముందు చోటివ్వాలో తెలియక అతని చేతిలో చొక్కా లాక్కుని కాజాలు తడిమి చూసింది. అన్నీ తిన్నగా ఉన్నాయి. అవి తన చేతివి కావు.

"రేపు హెడ్డు సారుకి చెప్పేస్తాను" అంది.

"చెబితే ల్యాబు తాళాలు తీసేసుకుంటారేమో."

"తీసుకోనీండి. పిల్లలు ఏం పాపం చేశారు?"

అతను సూదిలో దారం ఎక్కించి ఆమె చేతికిచ్చాడు.

హెడ్డు సారు నవ్వులాటలు తెలియని మనిషి. బీకరులోకి వంగి చూసి పన్నెండేళ్లు దాటింది, అంతా కాగితాల మీదే నడుపుతాడు. సెకన్లమ్మ నిలబడి మొత్తం చెప్పింది. రిజిస్టరు తెరిచి నీళ్ల వరస చూపించింది. తప్పు పొడిది కాదు, పిల్లలది కాదు, తన కంటిదంది. ఆయన వరస రెండుసార్లు చదివాడు. పోయిన ఏటి మార్కుల పట్టీ తెప్పించి, నలభై రెండు పేర్ల పక్కనా కోసిన మార్కులు తిరిగి వేసి, దిద్దుబాటు కింద తన సంతకమే పెట్టాడు.

తరవాత ల్యాబు తాళంచెవి బల్ల మీద పెట్టమన్నాడు.

"యాసిడ్‌తో పని, నేను ఊరుకోలేను. ఆపరేషన్ చేయించుకో. అందాకా గేటు దగ్గర హాజరు పుస్తకం చూడు. నయమయ్యాక నా ముందు పరీక్ష చేసి చూపించు. నీ కన్నూ, టీచరమ్మ కన్నూ ఒక్క మాట చెబితే ల్యాబు నీదే. లేకపోతే గేటే."

డాక్టరు శుక్లాలేనని తేల్చి, ముదిరినది ముందు తీద్దామని కుడికన్ను ఎంచుకున్నాడు. ఆపరేషన్‌కి తొమ్మిదొందల సెకన్లు పట్టిందని ఆమె తరవాత అందరికీ చెప్పింది. మంచం మీద పడుకుని లెక్కపెట్టింది పాపం. నెల్లాళ్లు గేటు దగ్గర నల్లకళ్లద్దాలతో కూర్చుని హాజరు వేసింది. వచ్చేపోయే పిల్లల్ని చూస్తూ, వాళ్ల కళ్ల గురించి తను అన్న మాట తలచుకుని సిగ్గుపడేది. గేటు నుంచి ల్యాబు కిటికీలు కనబడేవి. రోజూ అటే చూసేది.

సెకన్లమ్మ కంటికి పరీక్ష పెట్టిన రోజు ల్యాబులో ముగ్గురే ఉన్నారు. హెడ్డు సారు చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. టీచరమ్మ తూచి కలిపిన హైపో తొట్టిలోంచి తీసింది. వాచీ సెకన్లమ్మ చేతిలో ఉంది. ఇంకో కన్ను మూసుకుని, కుడికంటితో బీకరు మీదకు వంగింది. యాసిడ్ పడగానే వాచీ నొక్కింది.

అయిదు. పది. ఇంటూ గుర్తు నల్లగా, పెన్సిల్ గరుకు కూడా తెలిసేంత స్పష్టంగా ఉంది. పదిహేను.

అప్పుడు ఆ నల్ల గీతల మీద ఒక పొర లేచింది. తెల్లగా కాదు. నీలంగా. ఎంత పలచటి నీలమంటే, ఉందా లేదా అని అడిగితే చెప్పలేనంత. అది బీకరంతా పరుచుకుంది. మొదట పుట్టే గంధకం రేణువులు మరీ సన్నవి. వాటికి తగిలిన వెలుగులో నీలమే ఎక్కువగా చెదిరి బయటకొస్తుంది. ముదిరిన కటకం పసుపుబారి ఇన్నేళ్లూ ఆ నీలాన్ని అడ్డుకుంది. అది అసలు ఉండేదన్న సంగతే ఆమె మరిచిపోయింది. కనబడనిది లేదనే అనుకుంది. నీలం మెల్లగా తెలుపవుతోంది. తెలుపు చిక్కబడి పసిమి తిరుగుతోంది. ఆ రంగులు ఒకదాంట్లోంచి ఒకటి పుట్టడం ఆమె రెప్ప వెయ్యకుండా చూసింది.

"ఎన్ని?" అన్నాడు హెడ్డు సారు.

ఆమె చేతిలో వాచీ పరిగెడుతూనే ఉంది. డెబ్బై దాటింది. టీచరమ్మ మొహం పాలిపోయింది. ముప్ఫై ఒక్కేళ్లలో సెకన్లమ్మ వాచీ ఆపడం మరిచిపోయిన రోజు అదొక్కటే.

"చూస్తూ ఉండిపోయాను సార్" అంది. "నీలం వస్తుంది సార్ ముందు. గుర్తు పోకముందే వస్తుంది. ఇన్నేళ్లూ వస్తూనే ఉంది, నాకే కనబడలేదు."

హెడ్డు సారు గోడ వదిలి బల్ల దగ్గరకు వచ్చాడు.

"ఏదీ, ఇంకోసారి పోయండి" అన్నాడు.

టీచరమ్మ పోసింది. ముగ్గురూ వంగారు. కళ్లజోడు బీకరుకు తగలబోతే ఆయన దాన్ని తీసి జేబులో పెట్టుకుని ఇంకా దగ్గరగా వంగాడు. ఆ బీకరును ఎవరూ కొలవలేదు. అది పూర్తిగా తెల్లబడి, ఇంటూ గుర్తు పోయాక కూడా ఆయన కాసేపు అలాగే ఉండిపోయాడు.

మూడోసారి సెకన్లమ్మ, టీచరమ్మ చెరొక వాచీ పట్టుకుని చూశారు. టీచరమ్మకు నలభై వచ్చింది. సెకన్లమ్మకు నలభై ఒకటి. ఒక్క సెకను తేడా లెక్కలోకి రాదని హెడ్డు సారు తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, రిజిస్టర్లో నలభై అని రాసెయ్యమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. కళ్లు బాగున్న మనిషికి నలభై ఒకటేనని, కావాలంటే టీచరమ్మను కూడా ఒకసారి కంటి డాక్టరుకు చూపించమని వాదించి, నలభై ఒకటి అనే రాసింది.